పలక మీద రీడింగు

(భివండీలోని నార్పోలిలో చేసిన స్మారక ఉపన్యాసం, అచ్చు ప్రతి)



ఈ ఉపన్యాసం ఎవరి జ్ఞాపకార్థమో మీ అందరికీ తెలుసు. అచ్చులో తన పేరు వేయవద్దని ఆయన బతికుండగానే ఇంట్లోవాళ్ళకు చెప్పి ఉంచారు. వాళ్ళు ఆ మాటే నిలబెట్టమన్నారు. కనుక నేనూ, మీరంతా పిలిచినట్టే, పెద్దబాపు అనే అంటాను. నలభై ఏళ్ళకు పైగా ఈ గల్లీల్లో సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, వాటిని సరిచేసే జాబర్‌గా చేసి, చూపు మందగించాక మన ధర్మ దవాఖానాకు కావలి మనిషిగా వచ్చారు. తలుపులు తీయడం, నీళ్ళ మోటారు వేయడం, రాత్రికి తాళాలు వేయడం ఆయన పని. ఆ దవాఖానా లెక్కలు, జీతాలు, బిల్లులు చూసే పని నాది. అంటే కాగితం ప్రకారం ఆయనకు నేను పై అధికారిని. ఈ రోజు నేను చెప్పబోయేదంతా ఆయన దగ్గర నేర్చుకున్నదే.

విషయం చిన్నదిగా కనిపిస్తుంది. సేవా సంస్థల్లో పనిచేసే సిబ్బంది చేత కరెంటు ఎలా ఆదా చేయించాలి? దవాఖానాలు, అనాథ ఆశ్రమాలు, తుపాను వచ్చినప్పుడు తెరిచే సహాయ కేంద్రాలు, అన్నదాన వంటశాలలు, వీటిలో జీతానికో జీతం లేకుండానో చేసేవాళ్ళ సంగతి. మిల్లు యజమానికి దీని గురించి ఎవరూ ఉపన్యాసం ఇవ్వనక్కరలేదు. బిల్లు చూడగానే ఆయనకే నిద్ర పట్టదు. సేవ చేసేచోటే ఇది కష్టం. ఎందుకు కష్టమో ముందు నా అనుభవమే చెబుతాను.

నేను ఉద్యోగంలో చేరిన మొదటి వేసవిలో బిల్లు చూసి గుండె గుభేలుమంది. వెంటనే ఒక సర్క్యులర్ తయారు చేశాను. ప్రతి స్విచ్చు పక్కనా 'అవసరం లేనప్పుడు ఆర్పండి' అని కాగితం అంటించాను. ఖాళీ గదిలో ఫ్యాను తిరుగుతూ కనిపిస్తే ఆ గది బాధ్యులకు జరిమానా అన్నాను. పదిరోజులు గడిచాయి. ఒక మధ్యాహ్నం పెద్ద నర్సమ్మ నా బల్ల ముందుకొచ్చి నిలబడింది. "సార్, పేషెంట్లను చూడమంటరా, స్విచ్చులు చూడమంటరా? బిల్లు మీరు కడ్తున్నరా, నేను కడ్తున్ననా?" అంది. ఆమె గొంతులో కోపం కంటే అవమానం ఎక్కువ వినిపించింది. పొద్దున ఎనిమిదింటి నుంచి నిలబడే ఉన్న మనిషి. తాను ఇంత కష్టపడుతుంటే ఎవరో వచ్చి ఫ్యాను లెక్క అడుగుతున్నారు. నాకు జవాబు దొరకలేదు. ఆ నెల బిల్లు కూడా తగ్గలేదు.

ఆ సాయంత్రం కాగితాలు చించేస్తుంటే పెద్దబాపు పక్కకొచ్చి నిలబడ్డారు. "కాయితం గోడకు చెప్తది బిడ్డా, మనిషికి చెప్పదు" అన్నారు.

నర్సమ్మ అడిగిన రెండో ప్రశ్న చాలా పెద్దది. ఆ బిల్లు ఆమె కట్టడం లేదు, నేనూ కట్టడం లేదు. కడుతున్నది ఎక్కడో ఉన్న దాత. ఆయన దవాఖానాకు రాడు, మీటరు చూడడు. కరెంటు వాడే చెయ్యి ఒకటి, డబ్బు కట్టే చెయ్యి ఒకటి, రెండూ ఎప్పుడూ కలుసుకోవు. ప్రపంచమంతటా సహాయ సంస్థల్లో ఇదే కథ. లండన్‌లోని చాతమ్ హౌస్ 2018లో వేసిన అంచనా ఒకటి ఉంది. సహాయ సంస్థలు పెట్టే ఖర్చులో దాదాపు 5 శాతం డీజిల్, పెట్రోలు, జనరేటర్ల వంటివాటికే పోతోంది. 2017 ఒక్క ఏడాదికే అది సుమారు 120 కోట్ల డాలర్లు. ఆకలి కోసం, జబ్బు కోసం జనం ఇచ్చిన డబ్బు అది. అందులో ఎంత భాగం ఖాళీ గదులకు చల్లగాలి పోయడానికి ఖర్చయిందో తలుచుకుంటే నాకు నిజంగా బాధేస్తుంది.

ఇప్పుడు మన ఊరి సంగతి. భివండీలో కరెంటు గురించి మాట్లాడటమంటే నాడె గురించి, నూలు గురించి మాట్లాడటమే. లక్షల సాంచాలు, ఒక్కొక్కదానికి దాదాపు ఒక హార్స్‌పవర్ మోటారు, పన్నెండేసి గంటల పాళీలు. అయినా చాలాకాలం ఈ ఊళ్ళో కరెంటుకు లెక్క ఉండేది కాదు. 2007 జనవరి 26న రాష్ట్ర ప్రభుత్వ సంస్థ మహావితరణ్ నుంచి పంపిణీ బాధ్యత ఫ్రాంచైజీగా టోరెంట్ పవర్ చేతికి వచ్చేనాటికి, భివండీకి పంపిన కరెంటులో సగానికి మించి డబ్బు రూపంలో తిరిగొచ్చేది కాదు. తీగల్లో పోయేది కొంత, దొంగతనం కొంత, కట్టని బిల్లులు కొంత. ఆ తర్వాత కొద్ది ఏళ్ళలోనే ఆ నష్టం సగానికి పైగా తగ్గింది. ఫ్రాంచైజీ మంచిదా చెడ్డదా అన్నది ఈ వేదిక మీద తేల్చే వ్యవహారం కాదు. మీలో రెండు వైపులా ఉన్నవాళ్ళున్నారు. నేను చెప్పేది ఒక్కటే. లెక్క మొదలైనరోజున వాడకం తీరు మారింది.

మన పాత ఊళ్ళవైపు చూస్తే ఇంకో మంచి ఉదాహరణ ఉంది. మీలో సగం మంది ఇళ్ళు సిరిసిల్ల చుట్టుపక్కలవే. అక్కడ 1970లో సెస్ వచ్చింది, సహకార విద్యుత్ సరఫరా సంఘం. కరెంటు వాడేవాళ్ళే సభ్యులు, వాళ్ళే ఓట్లేసి పాలకవర్గాన్ని ఎన్నుకుంటారు. మా నాయిన ఊరికి పోయినప్పుడల్లా సెస్ ఆఫీసును 'మన ఆఫీసు' అనేవాడు. భివండీలో ముప్పై ఏళ్ళు ఉన్నా ఇక్కడి కరెంటు ఆఫీసును ఎన్నడూ అలా అనలేదు. ఆ 'మన' అనే మాటలో చాలా ఉంది. నర్సమ్మకు మేం ఆ మాట ఇవ్వలేదు.

పెద్దబాపు ఏం చేశారో చెబుతాను. ఇదిగో, బల్ల మీద పెట్టాను, వెనక వరుసలవాళ్ళు తర్వాత వచ్చి చూడండి. చిన్నపిల్లల రాతిపలక. చెక్క చట్రం ఒక మూల విరిగితే పడుగు నూలు పురిపెట్టి గట్టిగా కట్టారు. ఆ ముడి జాబర్ వేసిన ముడి, ఇన్నేళ్ళలో వదులు కాలేదు. రాయి మీద బలపం గీతలు ఎంత తుడిచినా పోవు, పాత అంకెల నీడలు ఒకదాని కింద ఒకటి కనిపిస్తాయి. పొద్దున తలుపు తీయగానే ఆయన కళ్ళద్దాలు సర్దుకుని మీటరు దగ్గరికి పోయి రీడింగు చూసేవారు. పలక మీద మూడు అంకెలు. మొదటిది రీడింగు. రెండోది నిన్న ఖర్చయిన యూనిట్లు. మూడోది నిన్న చూసిన రోగుల సంఖ్య. పేర్ల చీటీలు ఇచ్చే కిటికీ పక్కన ఆ పలక వేలాడదీసేవారు. అంతే. ఎవరినీ ఏమీ అనేవారు కాదు.

నేను మొదట దాన్ని పెద్దగా పట్టించుకోలేదు. కానీ నేతపని వాళ్ళ ఊరు ఇది. ఇక్కడ ప్రతి మనిషికీ మీటర్ల లెక్క నెత్తుట్లోనే ఉంటుంది. కూలీ వచ్చేదే మీటరుకు ఇంత అని. గుడ్డ మీటరు చూసే కన్నుకు కరెంటు మీటరు కొత్తేమీ కాదు. వారం తిరక్కుండానే ఆయా వచ్చి అడిగింది, "నిన్న పేషెంట్లు తక్కువ, యూనిట్లు ఎక్కువ ఎట్లైనయి?" అని. కాంపౌండరు వెతికితే రాత్రంతా మేడమీద నీళ్ళ ట్యాంకు పొర్లిందని తేలింది. మోటారు ఆగకుండా నడిచింది. ఆ ఒక్క ప్రశ్న నా సర్క్యులర్లన్నిటికంటే విలువైనది. అడిగింది ఆయా, నేను కాదు.

అప్పటి నుంచి పలక ముందు మాటలు మొదలయ్యాయి. ఆదివారం మూసిన రోజు కూడా యూనిట్లు ఎందుకు కాలుతున్నాయి? ఫ్రిజ్ ఒకటే కదా నడిచేది? ఫ్రిజ్ వెనక్కి తిప్పి చూశారు. వెనక తీగలన్నీ దూది నుసితో మందంగా కప్పుకుపోయి ఉన్నాయి. నార్పోలిలో ఇది ప్రత్యేకమైన రోగం. సాంచాల నుంచి లేచే నుసి గాలిలో తేలుతూ మన ఊపిరితిత్తుల్లోకే కాదు, ఫ్రిజ్ వెనకకు, ఏసీ జాలీలోకి, ఫ్యాను రెక్కల మీదికీ చేరుతుంది. జాలీ మూసుకుపోయిన ఏసీ గాలి ఆడక అదే చల్లదనానికి ఎక్కువసేపు నడుస్తుంది. పుస్తకాల్లో నెలకోసారి జాలీ కడగమని ఉంటుంది. ఇక్కడ వారానికోసారి కడగాలి. ఏ ఇంజనీరూ చెప్పలేదు, ఆయా చెప్పింది. ఇంట్లో కండెలు చుట్టే ఆడవాళ్ళకు నుసి సంగతి తెలిసినట్టు ఎవరికి తెలుస్తుంది?

పెద్దబాపు ఒక మాట తరచు అనేవారు. "ఉత్తగ తిరిగే సాంచ తెల్వకుండ తింటది బిడ్డా." పోగు తెగి గుడ్డ ఆగినా మోటారు తిరుగుతూనే ఉంటుంది, కరెంటు లాగుతూనే ఉంటుంది. చప్పుడు అదే కాబట్టి పని అవుతున్నట్టే అనిపిస్తుంది. కార్యాలయాల్లో కూడా ఎక్కువ నష్టం ఇలాంటి ఉత్త తిరుగుడులోనే. రాత్రంతా వరండాలో వెలిగే పాత ట్యూబులైట్లు అయిదు ఉన్నాయనుకోండి. చోకుతో కలిపి ఒక్కొక్కటి 50 వాట్లు. పది గంటలకు రెండున్నర యూనిట్లు. ఎల్‌ఈడీ పట్టీ అయితే 20 వాట్లు, ఒక్క యూనిట్‌లో సరిపోతుంది. మామూలు సీలింగు ఫ్యాను 75 వాట్లు, బీఎల్‌డీసీ ఫ్యాను 30 వాట్ల దగ్గర. ఇరవై ఫ్యాన్లు పది గంటలు తిరిగితే రోజుకు తొమ్మిది యూనిట్ల తేడా. ఏసీ ఒక్క డిగ్రీ పెంచి పెడితే దాదాపు 6 శాతం కరెంటు మిగులుతుందని కేంద్రంలోని ఇంధన సామర్థ్య బ్యూరో చెబుతోంది. 2020 జనవరి నుంచి కొత్త గది ఏసీలు వేయగానే 24 డిగ్రీల దగ్గర మొదలయ్యేలా నిబంధన పెట్టారు. ఇవన్నీ తెలిసినవే. తెలిసినవి ఎందుకు జరగవన్నదే ప్రశ్న.

ఇక్కడ ఒక హద్దు గీయాలి, ఇది గట్టిగా చెప్పాలి. పొదుపు పేరుతో రోగి మీద చెయ్యి వేయకూడదు. రేకుల షెడ్డు కింద, నలుగురు పడుకునే చోట ఎనిమిది మంది పడుకునే కూలీకి దవాఖానా బెంచి మీద ఫ్యాను కింద దొరికే అరగంటే ఆ రోజుకు విశ్రాంతి. ఆ ఫ్యాను ఆపిన పొదుపు నాకు వద్దు. టీకాల ఫ్రిజ్ 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండి తీరాలి, దాని ప్లగ్గు మీద ఎవరి చెయ్యీ పడకూడదు. మా దవాఖానాలో ఆ ప్లగ్గు చుట్టూ ఎర్ర టేపు వేయించాం. పరికరాలు ఉడికించే ఆటోక్లేవ్ సగం ఖాళీగా రెండుసార్లు వేసే బదులు నిండుగా ఒకసారి వేయొచ్చు. కానీ తొందరలో వేయకుండా మానడం కుదరదు. సిబ్బందికి ఈ హద్దు ముందే చెబితే వాళ్ళకు భయం పోతుంది. పొదుపంటే సేవ తగ్గించడమని వాళ్ళ మనసులో ఉన్న అనుమానమే అసలు అడ్డు.

పొదుపుతో సేవ తగ్గదని, పెరుగుతుందని నేను ఒక తుపాను సహాయంలో చూశాను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం దగ్గర తీరం దాటింది. రెండు రోజుల తర్వాత ఒక సహాయ బృందంతో నేనక్కడికి వెళ్ళాను. ఊరంతా చీకటి. స్తంభాలు వరుసగా నేలకొరిగి ఉన్నాయి. పెట్రోలు బంకుల ముందు క్యాన్లు పట్టుకుని జనం బారులు. మా బృందం దిగిన చోట జనరేటరు పగలూ రాత్రీ ఆగకుండా మోగుతోంది. దాని మీద నడుస్తున్నవి రెండు ల్యాప్‌టాపులు, నాలుగు లైట్లు, నీళ్ళ సీసాల ఫ్రిజ్. నిండు బరువు మీద నడిస్తే లీటరు డీజిల్‌కు మూడు యూనిట్లకు పైగా ఇచ్చే యంత్రం అది. అంత తక్కువ బరువు మీద అందులో సగమైనా ఇవ్వదు. ఇంజను కూడా పాడవుతుంది. పక్క వీధిలో జనం ఫోన్లు చార్జ్ చేసుకునే దారి లేక తిరుగుతున్నారు. మాలో ఎవరికీ అది తప్పని తోచలేదు. సేవకు వచ్చాం కదా, మాకు కావాల్సింది మాకుండాలి అనుకున్నాం.

మార్చింది ఆ ఊరి కుర్రాడే, డిప్లొమా చదువుతున్నవాడు, స్వచ్ఛందంగా వచ్చాడు. జనరేటరు పొద్దున రెండు గంటలు, సాయంత్రం రెండు గంటలు నడుపుదామన్నాడు. ఆ వేళలో ఇన్వర్టరు బ్యాటరీలు, ల్యాప్‌టాపులు, చుట్టుపక్కలవాళ్ళ ఫోన్లు అన్నీ ఒకేసారి చార్జికి పెట్టాలి, నీళ్ళ మోటారు అప్పుడే వేయాలి. మిగతా వేళ బ్యాటరీ మీద రెండు లైట్లు. మొదటి సాయంత్రమే గేటు బయట ఎక్స్‌టెన్షన్ బోర్డుల చుట్టూ వందలాది ఫోన్లు. ఒక తల్లి దుబాయిలో ఉన్న కొడుకుతో మాట్లాడి అక్కడే కూర్చుని ఏడ్చింది. తగ్గిన డీజిల్ ఆ తల్లి ఏడుపులో నాకు కనిపించింది. ఆ రోజు నుంచి మా బృందంలో ఎవరికీ జనరేటరు గురించి చెప్పాల్సిన పని లేకపోయింది.

తిరిగొచ్చాక ఈ సంగతి పెద్దబాపుకు చెప్పాను. ఆయన మరుసటి రోజు పలక మీద నాలుగో వరుస గీశారు. మిగిలిన యూనిట్లతో ఏం కొన్నామో అది రాయాలట. మొదటిసారి రాసింది నాకు గుర్తుంది: 'బీపీ గోలీలు'. దాతల దగ్గర అనుమతి తీసుకుని, బిల్లులో మిగిలింది మళ్ళీ సాధారణ ఖాతాలో కలపకుండా మందులకే ఖర్చు పెట్టాలని నిర్ణయం చేశాం. ఇది లెక్కల మనిషిగా నేను చేసిన ఒకే ఒక మంచి పని. మిగిలిన డబ్బు పై కార్యాలయానికి పోతే సిబ్బంది ఎందుకు మిగుల్చుతారు? వాళ్ళ కళ్ళ ముందు, వాళ్ళు చూసే రోగి చేతిలో అది కనబడాలి.

ఇక 2021. రెండో దఫా కరోనా. ఆక్సిజన్ కోసం ఈ ఊరు ఎలా అల్లాడిందో మీకు నేను గుర్తు చేయనక్కరలేదు. ఎవరో పుణ్యాత్ములు నాలుగు కాన్సంట్రేటర్లు పంపారు. అయిదు లీటర్ల యంత్రాలు, ఒక్కొక్కటి 350 వాట్లు లాగేవి. నాలుగూ కలిపి 1400 వాట్లు. మా దవాఖానాకు మంజూరైన లోడు అంతంత మాత్రం. మొదటి రోజు నాలుగూ వేయగానే బ్రేకరు పడిపోయింది. ఒక్క క్షణం అన్నీ ఆగిపోయాయి. ఆ నిశ్శబ్దం నేను మరిచిపోలేను. లోడు పెంచమని అర్జీ పెట్టడానికి అప్పుడు వేళెక్కడిది?

నర్సమ్మ, అప్పుడు నన్ను నిలదీసిన ఆవిడే, లేచి నా గదిలోకి వెళ్ళి ఏసీ స్విచ్చు ఆపి వచ్చింది. ఒకటిన్నర టన్నుల ఏసీ కంప్రెసరు నడిచేటప్పుడు దాదాపు 1500 వాట్లు లాగుతుంది. నాలుగు కాన్సంట్రేటర్లకు సరిపోయే కరెంటు అది. ఆమె నన్ను అడగలేదు. అడగాల్సిందని నాకూ అనిపించలేదు. ఏ యంత్రం ఎంత తింటుందో ఆమెకు కంఠస్థం, పలక ముందు ఏళ్ళ తరబడి జరిగిన మాటల పుణ్యం. ఆ తర్వాత ఏ వేళకు ఏది నడవాలో సిబ్బందే పట్టీ రాసుకున్నారు. కాన్సంట్రేటర్లు నడిచేటప్పుడు నీళ్ళ మోటారు వేయొద్దు, ఆటోక్లేవ్ తెల్లవారుజామున వేయాలి. దవాఖానాకు ఆ నెలల్లో నేను మేనేజరును అనే మాట పేరుకే.

ప్రపంచం కూడా ఈ దిక్కుకు కదులుతోంది. జోర్డాన్‌లో సిరియా శరణార్థులు ఉండే అజ్రాక్ శిబిరంలో 2017 మే నెలలో సౌర విద్యుత్ కేంద్రం మొదలైంది. అదే ఏడాది ఏప్రిల్ 1న మన భివండీలోనే కేంద్ర ప్రభుత్వం పవర్‌టెక్స్ పథకాన్ని మొదలుపెట్టింది, సాంచాలకు సౌర పలకల సాయం అందులో ఒక భాగం. 2021లో అంతర్జాతీయ రెడ్‌క్రాస్ సంస్థలు సహాయ సంస్థలన్నిటి కోసం పర్యావరణ ఒడంబడిక తెచ్చాయి. మంచి మాటలు అవి, నేను సంతోషిస్తాను. మన మేడ మీద కూడా సౌర పలకలు రావాలని నా కోరిక. కాని పలకల మీద కూడా నుసి పడుతుంది, వాటిని తుడిచేది ఆయానే. ఆమెను లెక్కలోకి తీసుకోని పథకం ఏదైనా మా ఊళ్ళో ఆరు నెలలు నిలవదు.

సంస్థలు నడిపే పెద్దలు ఇక్కడ కొందరు ఉన్నారు. మీకొక విన్నపం. మీ సిబ్బందికి స్టిక్కర్లు పంపకండి. మీటరు తాళం ఇవ్వండి. చాలా చోట్ల మీటరు పెట్టె తాళం మేనేజరు సొరుగులో ఉంటుంది, బిల్లు నేరుగా పై ఆఫీసుకు పోతుంది, వార్డులో పనిచేసేవాళ్ళు జీవితంలో ఒక్కసారి కూడా ఆ బిల్లు చూడరు. ఆ బిల్లును నోటీసు బోర్డు మీద పెట్టండి. కొత్త ఫ్యాన్లు కొనేటప్పుడు ధర ఒక్కటే చూసే కొనుగోలు కమిటీలో ఒక ఆయాను, ఒక వాచ్‌మన్‌ను కూర్చోబెట్టండి. మీ గదిలో ఏసీ ఎన్ని డిగ్రీల మీద నడుస్తోందో వాళ్ళకు కనిపిస్తుందని గుర్తుంచుకోండి. అది 18 మీద ఉంటే మీరు చెప్పే మాట ఏదీ వాళ్ళ చెవికెక్కదు.

పెద్దబాపు పోయిన రోజు పొద్దున కూడా దవాఖానా తెరిచే వేళకు రీడింగు పలక మీద ఉంది. ఆయన ఆసుపత్రిలో ఉన్నారు కనుక ఆయా రాసింది. అంకెలు వంకరగా ఉన్నాయి, ఆమె అప్పుడప్పుడే రాయడం నేర్చుకుంటోంది. ఏడుని తిప్పి రాసింది. ఎవరూ దిద్దలేదు.

ఆయన జ్ఞాపకార్థం పెట్టిన నిధి మీద ఈ ఏడాది వచ్చిన వడ్డీతో వార్డుకు, ఆఫీసు గదులకు విడివిడిగా చిన్న మీటర్లు బిగించాం. నిన్ననే ఎలక్ట్రీషియన్ పని ముగించి వెళ్ళాడు. ఒక పలక సరిపోదని ఆయా ఇంకో రెండు కొనుక్కొచ్చింది, కొత్తవి, చట్రం విరగనివి. రేపు పొద్దున ఏడింటికి మొదటి రీడింగు.